మనం అంటే మిరపకాయ

మా ఆవిడ కాత్యాయనికి ఆజ్ఞాపించడం రాదు. ఈ మాట మెల్బోర్న్ శివారు క్రెయిగీబర్న్‌లో మమ్మల్ని ఎరిగిన ఏ తెలుగువాళ్ళ దగ్గర అన్నా తాగుతున్న టీ పొలమారేలా నవ్వుతారు. కానీ ఇది అక్షరాలా నిజం. ముప్పై రెండేళ్ళ కాపురంలో ఆమె నాతో ఒక్కసారి కూడా 'ఇది చెయ్యండి' అనలేదు. "ఏవండీ, మనం చెత్త బిన్ బయట పెట్టామా?" అంటుంది. పెట్టాల్సింది నేను. "ఈ వారం మనం గడ్డి కోసేద్దామండీ" అంటుంది. కోసేదీ నేనే. ఆమె వ్యాకరణంలో ఉత్తమ పురుష బహువచనం అంటే ఈ కృష్ణమూర్తి.

ఆ అలవాటు ఎక్కడిదో నాకు తెలుసు. తెనాలిలో అయిదుగురు పిల్లల్లో తను పెద్దది. తల్లికి ఉబ్బసం. పన్నెండో ఏటి నుంచి తమ్ముళ్ళకు స్నానాలు, చెల్లెళ్ళకు జడలు, అందరికీ అన్నాలు తనే చూసింది. చిన్నపిల్లల్ని 'పళ్ళు తోముకో' అంటే వింటారా? 'మనం పళ్ళు తోముకుందామా' అంటే వింటారు. ఆ పిల్లలంతా పెద్దవాళ్ళై, తాతలు కూడా అవుతున్నారు. మాట మాత్రం ఆమె నోట్లో అలాగే ఉండిపోయింది.

2003లో మెల్బోర్న్ వచ్చినప్పుడు ఆమె బి.ఫార్మసీ ఇక్కడ చెల్లలేదు. పగలంతా ఒక బిస్కెట్ల గోడౌన్‌లో అట్టపెట్టెలకు టేపు వేస్తూ, మిగిలిన టైములో చదువుకుంటూ రెండేళ్ళలో పరీక్ష పాసైంది. అప్పటి నుంచి ఒక మందుల షాపు కౌంటరే. అక్కడా అదే వరస. ముసలి గిరాకీలతో "వుయ్ విల్ టేక్ దిస్ వన్ ఆఫ్టర్ బ్రేక్‌ఫస్ట్, ఓకే?" అంటుంది. ఒక తెల్లాయన, "నువ్వు కూడా వేసుకుంటావా లవ్, అయితే మా ఇంటికి టిఫినుకు రా" అని చమత్కరించాడట. ఆమెకు అర్థం కాక ఇంటికొచ్చి నన్ను అడిగింది. నేను నవ్వి ఊరుకున్నాను. అప్పుడే చెప్పి ఉంటే ఈ కథ ఉండేది కాదేమో.

ఉదయశ్రీ, పవన్ మా జీవితంలోకి వచ్చింది 2018 చలికాలంలో. వరంగల్ పిల్లలు. అతనికి ఐటీ ఉద్యోగం, ఆమెకు అప్పటికి ఏమీ లేదు. గుళ్ళో ప్రసాదం లైన్లో పలుచటి చున్నీ కప్పుకుని వణుకుతున్న ఆ అమ్మాయికి కాత్యాయని తన కోటు విప్పి తొడిగింది. ఇక అంతే. అద్దె ఇల్లు చూసిపెట్టింది, మా కారులో డ్రైవింగ్ నేర్పింది, చైల్డ్‌కేర్ కోర్సులో చేర్పించింది. వాళ్ళ పాప లాస్య పుట్టిన రోజు ఆసుపత్రిలో పవన్ కళ్ళు తిరిగి కుర్చీలో కూలబడితే, ఆ పదకొండు గంటలూ ఉదయశ్రీ చెయ్యి పట్టుకుని నిలబడింది కాత్యాయనే. నాకు ఫోన్ చేసి, "ఏవండీ, మనకి ఆడపిల్ల పుట్టింది" అని ఏడ్చింది. ఆ 'మనకి'లో అబద్ధం లేదు. మా అమ్మాయి అక్షర పుట్టినప్పుడు కూడా ఆమె అలా ఏడవలేదు.

ఇక ఆట సంగతి. లాక్‌డౌన్ రోజుల్లో మా అక్షర క్యాన్‌బెర్రా నుంచి ఒక బోర్డ్ గేమ్ పోస్టులో పంపింది. బోర్డు మీద ఒక చిన్న ఊరు, చుట్టూ అడవి. ప్రతి చుట్టుకూ కార్చిచ్చు ఒక్కో గడి ముందుకొస్తుంది. ఆడేది నలుగురు. ఒకరికి నీళ్ళ లారీ, ఒకరికి హెలికాప్టర్, ఒకరికి అంబులెన్స్, ఒకరికి రోడ్డు మీద పడిన చెట్లు తొలగించే బండి. ఊరు నిలిస్తే నలుగురూ గెలిచినట్టు, కాలితే నలుగురూ ఓడినట్టు. పేకాటలోలా ముక్కలు గుండెకు హత్తుకుని కూర్చోనక్కర్లేదు, అన్నీ బల్ల మీద తెరిచే ఉంటాయి. తెరిచి ఉంటాయి గనక, చురుకైనవాళ్ళెవరైనా ఉంటే నలుగురి ఆటా ఒక్కరే ఆడెయ్యొచ్చు. ఈ రహస్యం పెట్టె మీద రాయలేదు.

లాక్‌డౌన్ ఎత్తేశాక శనివారం మధ్యాహ్నం మూడింటికి మా ఇంట్లో ఆట అనేది ఖాయమైంది. నేను, కాత్యాయని, ఉదయశ్రీ, పవన్. బజ్జీలు, టీ, మంటలు. ఆ మూడు గంటల కోసం మా ఆవిడ వారమంతా ఎదురుచూసేది. షాపులో శనివారం పూట డ్యూటీ వేస్తే ఒంటిగంటకల్లా వదిలెయ్యాలని ముందే రాయించుకుంది. కూతురు దూరంగా ఉంది, చెల్లెళ్ళు తెనాలిలో ఉన్నారు. ఈ దేశంలో ఆమెకు సొంతం అనిపించినది ఆ బల్ల, ఆ బల్ల దగ్గర అక్కా అని పిలిచే ఉదయశ్రీ. ఇది గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోయాను.

ఆమె ఆడించే తీరు ఎలా ఉండేదంటే, "ఉదయా, మనం ఇప్పుడు లారీని వంతెన దగ్గరికి తీసుకెళ్దాం" అనేది. ఉదయ చెయ్యి లారీని వంతెన దగ్గర పెట్టేది. "పవన్, మనం హెలికాప్టర్‌ని కాస్త వెనక్కి జరుపుదామా?" జరిగేది. పదింట్లో ఎనిమిది సార్లు ఊరు నిలిచేది. అందరం చప్పట్లు కొట్టేవాళ్ళం. సెలవులకు వచ్చినప్పుడు అక్షర ఒకసారి చూసి, "అమ్మా, యు ఆర్ ప్లేయింగ్ ఎవ్రీవన్స్ టర్న్" అంది. "అందరం కలిసేగా తల్లీ ఆడుతున్నాం" అంది వాళ్ళమ్మ, నిజంగానే ఆశ్చర్యపోతూ.

మొన్న మార్చిలో, బజ్జీల గిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చిన ఉదయశ్రీ నన్ను ఇంటి ముందు డ్రైవ్‌వేలో ఆపింది. కాత్యాయని అప్పటికి షాపులో ఉంది.

"బావా, ఒక మాట. ఏమనుకోకుండ్రి. నేను గా ఆట ఆడుతలేను. అక్క ఆడుతది, నేను చెయ్యి జరుపుత. గంతే. చైల్డ్‌కేర్‌ల రూమ్ లీడర్‌ను నేను, పన్నెండు మంది పిల్లల్ని సంభాళిస్త. ఈడికొస్తే నేనే పిల్లనైత. నాకు బుర్ర లేదా బావా?"

నాకు పాపమనిపించింది. ఒకసారి గట్టిగా ఆలోచిస్తే, నా చెయ్యి కూడా ముప్పై రెండేళ్ళుగా అలాగే జరుగుతోందనిపించింది. పిల్లి మెడలో గంట కట్టే ఉపాయం చెప్పింది నేనే. నేను కౌన్సిల్‌లో, అంటే ఇక్కడి మునిసిపాలిటీలో, నీటి పైపుల ఇంజినీర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. ఎక్కడ కారుతోందో కనిపెట్టడం నా విద్య. "మీ అక్క నోట్లోంచి ఒక్క మాట తీసేస్తే చాలు, 'మనం' అన్నది" అన్నాను. "ఆ మాట లేకపోతే ఆవిడకు సలహా చెప్పడం ఎలాగో తెలీదు." ఉదయశ్రీ పకపకా నవ్వింది. ఆలోచన నాదని అక్కకు చెప్పనని ఒట్టు కూడా వేసింది.

ఆ శనివారం బల్ల మధ్య ఒక గిన్నె నిండా ఎండుమిరపకాయలు పెట్టాను. "ఆట తయారుచేసినవాళ్ళే కొత్త రూల్ పెట్టారు, ఇంటర్నెట్‌లో చూశాను" అని కళ్ళార్పకుండా అబద్ధం చెప్పాను. ఎవరి వంతులో వాళ్ళు 'నేను' అనాలి. అడిగితే తప్ప పక్కవాళ్ళు నోరు మెదపకూడదు. 'మనం' అన్నవాళ్ళ ముందు ఒక మిరపకాయ. మూడు పడితే ఆ ఆట అయ్యేదాకా మౌనం. ఇది అందరికీ వర్తిస్తుందని నొక్కి మరీ చెప్పాను.

కాత్యాయని రూల్ అంటే ప్రాణం పెట్టే మనిషి. "అయితే సరే, మనం అలాగే ఆడదాం" అంది. మొదటి మిరపకాయ పడింది. అందరం విరగబడి నవ్వాం, తనూ నవ్వింది. ఆ రోజు పది నిమిషాల్లో మూడూ పూర్తయ్యాయి. చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని మిగతా ఆటంతా కూర్చుంది. ఊరు కాలిపోయింది.

ఆ తర్వాత జరిగింది నేను ఊహించలేదు. ఆమె నేర్చుకుంది. నిజంగా, పరీక్షకు కూర్చున్నట్టు. వంటింట్లో కూరలు తరుగుతూ "నేను లారీ జరుపుతాను. నువ్వేం చేస్తావు ఉదయా?" అని గొణుక్కుంటూ సాధన చేసేది. మే నెలాఖరుకు ఆమె ముందు ఒక్క మిరపకాయ పడితే గొప్ప. ఒక శనివారం ఉదయశ్రీ వంతెనను మంటకు వదిలేసి, లారీని స్కూలు వైపు తిప్పింది. కాత్యాయని కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది కానీ నోరు విప్పలేదు. రెండు చుట్ల తర్వాత మంట స్కూలు దగ్గరే ఆగిపోయింది, ఊరు నిలిచింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది కాత్యాయని. "నాకు ఛస్తే తట్టేది కాదే! ఎంత బుర్రే నీది!" అని లేచి వెళ్ళి ఉదయ తల మీద ముద్దు పెట్టింది. ఉదయ కళ్ళు చెమర్చాయి. కథ ఇక్కడ ఆగిపోతే ఎంత బాగుండేది.

జూన్‌లో ఉదయశ్రీ ఫోన్ చేసింది. "బావా, ఆదివారం మా ఇంట్ల ఇంకో ఆట పెట్టుకుంటున్నం. మేం కూడ గా డబ్బా కొన్నం. మీరు, నేను, పవన్, నాతోని పనిచేసే ప్రియ. అక్కను పిలుస్తలేను. మాట్లాడకున్నా అక్క మొఖం మాట్లాడుతది బావా. నేను తప్పు జరిపితే కండ్లల్ల కనపడ్తది."

అప్పుడు నేను అనవలసిన మాటలు చాలా ఉన్నాయి. 'ఆమె నోరు కట్టేశాం, ఇప్పుడు ముఖం కూడా కట్టెయ్యమంటావా?' అని అడగాల్సింది. అడగలేదు. గోడ మీద పిల్లిలా కాసేపు ఊగి, సరే అన్నాను. ఇంట్లో హార్డ్‌వేర్ షాపుకు వెళ్తున్నానని చెప్పాను. ఉత్తచేతులతో రాకూడదు గనక వచ్చేటప్పుడు ఒక స్క్రూల పొట్లం కొనుక్కొచ్చాను. అలా మూడు ఆదివారాలు, మూడు పొట్లాలు.

నిజం చెప్పాలంటే నాకు బాగుంది. అదే నా అసలు నేరం. కానీ రెండో వారానికే ఒకటి గమనించాను. అక్కడ పవన్ మొదలుపెట్టాడు. "గట్ల కాదు ప్రియా, అంబులెన్స్ ఇటు తే. బావా, మీరు ఆగుండ్రి." నలుగురి ఆటా అతనే ఆడుతున్నాడు. ఉదయశ్రీ నవ్వుతూ అతను చెప్పినట్టే లారీ జరిపింది. ఆ బల్ల మీద మిరపకాయల గిన్నె లేదు. ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. తేలు కుట్టిన దొంగలా కూర్చుని టీ తాగాను.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, వాట్సాప్ పట్టేసింది. నాలుగో ఆదివారానికి ముందు రోజు, శనివారం ఉదయం పదింటికి నా ఫోన్ మోగింది. ఉదయశ్రీ మెసేజ్. "రేపు మూడింటికి మా ఇంట్ల. మనం నలుగురమే. అక్కకు చెప్పకుండ్రి బావా, మళ్ళ స్క్రూలకని చెప్పి రండ్రి." చివర పళ్ళు ఇకిలించే బొమ్మ. నేనూ నవ్వుకోబోయి పైన చూశాను. అది ఆదివారం గ్రూపు కాదు, కాత్యాయని ఉన్న మా శనివారం గ్రూపు. రెండు నిమిషాల్లో ఉదయశ్రీ దాన్ని చెరిపేసింది. కాత్యాయని కౌంటర్ దగ్గర ఉంటుంది, ఫోన్ చూడదు అని నాకు నేను చెప్పుకున్నాను. ఉదయశ్రీ కూడా ఫోన్ చేసి అదే అంది.

ఒంటిగంటకు కాత్యాయని వచ్చింది. మామూలుగానే శనగపిండి కలిపింది, అరటికాయలు తరిగింది, బజ్జీలు వేసింది. నేను ఆమె ముఖాన్ని పరీక్షగా చూశాను. ఏమీ లేదు. మూడింటికి వాళ్ళొచ్చారు. ఉదయశ్రీ నా వైపు చూసింది, నేను తల అడ్డంగా ఊపాను. చూడలేదు, బతికిపోయాం అని. మా ఇద్దరి మధ్య ఆ సైగ నడుస్తున్నప్పుడు కాత్యాయని కప్పుల్లో టీ పోస్తోంది.

ఆట మొదలైంది. ఆమె తన వంతులో "నేను హెలికాప్టర్ ఎత్తుతున్నాను" అంది. పక్కవాళ్ళ వంతులో బల్ల వైపు కూడా చూడలేదు. మంట రెండు వైపుల నుంచి ఊరిని చుట్టుముట్టింది. ఉదయశ్రీ వంతు వచ్చింది. లారీ పట్టుకుని అటూ ఇటూ చూసింది. ఎటు వెళ్ళినా ఒక వైపు కాలేలా ఉంది. పాత అలవాటు కొద్దీ నోరు జారింది.

"అక్కా, మనం ఇప్పుడు ఏం చేద్దాం?"

కాత్యాయని గిన్నెలోంచి ఒక మిరపకాయ తీసి ఉదయశ్రీ ముందు పెట్టింది. అందరం నవ్వాం. ఆమె నవ్వలేదు.

"ఉదయా, 'మనం నలుగురమే' అంటే ఎవరెవరమే?"

పవన్ బజ్జీ నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. "అక్కా, అదేం లేదక్కా, ఏదో టైంపాస్‌కు..." అన్నాడు. అతని వైపు ఆమె చూడనే లేదు.

"అక్కడ కూడా మిరపకాయలు పెట్టుకున్నారా?" అని అడిగింది.

ఆమె నా వైపు తిరిగింది. "మీరు చెప్పండి. పెట్టారా?"

"లేదు" అన్నాను.

"అందరికీ వర్తిస్తుందన్నారు."

అప్పుడు ఉదయశ్రీ ఏడుపు అందుకుంది. "రూల్ నాది కాదక్కా. బావనే చెప్పిండు. నీ నోట్లకెల్లి ఆ మాట తీసేస్తే చాలన్నడు. ఇంటర్నెట్‌ల ఏం లేదు." ఒట్టు వేసి నాలుగు నెలలు కాలేదు. ఉదయ మీద కోపం ముంచుకొచ్చింది నాకు. కూతురులా చూసుకున్న పిల్ల, ప్రాణం మీదికి వచ్చేసరికి నన్ను ముందుకు తోసేసింది. ఎంత దుర్మార్గం అనుకున్నాను. ఆ ఒక్క నిమిషంలో నాకు తెలిసొచ్చిన నొప్పి కాత్యాయనికి పొద్దున పదింటి నుంచీ ఉంది. ఆ నొప్పితోనే ఆమె మా కోసం అరటికాయలు తరిగింది.

కాత్యాయని గొంతు పెంచలేదు. ఏడవలేదు. "నాతో చెబితే సరిపోయేదిగా. 'అక్కా, నా ఆట నన్ను ఆడుకోనియ్యి' అని ఒక్క ముక్క. నలుగురిని పెంచినదాన్ని, నాకు తెలీలేదే అది పెత్తనమని. తెలిశాక మానేశానుగా? మాన్లేదా?" అని ఆగింది. "మనం అనే మాట నా నోట్లోంచి పీకేశారు. సరే, తప్పు నాదే అనుకున్నాను. తీసుకెళ్ళి మీరు వాడుకుంటున్నారే."

ఆమె ముక్కలన్నీ ఏరి, లెక్క చూసి, పెట్టెలో సర్దింది. మూల చినిగిన ఆ పెట్టెను ఉదయశ్రీ చేతిలో పెట్టబోయింది. "తీసుకెళ్ళు, రేపటికి పనికొస్తుంది."

"వద్దక్కా, మాకుంది" అంది ఉదయశ్రీ. అన్నాక నోటి మీద చెయ్యి వేసుకుంది.

"మాకుంది" అని కాత్యాయని మెల్లిగా తిరిగి అంది. ఆరేళ్ళ కిందట ఆసుపత్రి నుంచి 'మనకి' అని ఏడ్చిన గొంతు అది. తలుపు దాకా వెళ్ళి వాళ్ళను సాగనంపింది కూడా. లాస్యకని కట్టిన బజ్జీల పొట్లం మర్చిపోకుండా ఇచ్చింది.

వాళ్ళ కారు వెళ్ళాక నేను క్షమాపణ మొదలుపెట్టాను. ఆమె వినలేదు. గరాజ్‌లోకి వెళ్ళి, విప్పని స్క్రూల పొట్లాలు మూడూ తెచ్చి నా టీ కప్పు పక్కన వరసగా పెట్టింది. "ఈ ఇంట్లో ఏ తలుపు ఊడిందా అని మూడు వారాలుగా వెతుకుతున్నానండీ" అంది.

ఇది జరిగి ఏడు వారాలైంది. ఉదయశ్రీ రెండుసార్లు వచ్చింది. కాత్యాయని టీ ఇచ్చింది, లాస్య స్కూలు సంగతులు అడిగింది, ఆట ఊసెత్తలేదు. ఆదివారం ఆట కూడా ఆగిపోయిందట, పవన్ అందరి ఆటా ఆడేస్తున్నాడని ప్రియ మానేసిందట. ఎవరికి వాళ్ళం ఉప్పూ కారం తింటూనే ఉన్నాం.

మా ఇంట్లో గొడవలేవీ లేవు. అదే నన్ను చంపుతోంది. కాత్యాయని ఇప్పుడు అచ్చంగా నేను పెట్టిన రూల్ ప్రకారం మాట్లాడుతుంది. "నేను బిన్ బయట పెట్టేశాను." "నేను ఆదివారం గుడికి వెళ్తున్నాను. మీరేం చేస్తారో చూసుకోండి." "నాకు అన్నం చాలు, మీకేం కావాలి?" మాట మాటకూ 'నేను', 'మీరు'. మధ్యలో ఉండాల్సిన మాట లేదు. గడ్డి కొయ్యమని ఎవరూ అనడం లేదు, అది మోకాళ్ళ దాకా పెరిగింది.

నిన్న పొద్దున అక్షర ఫోన్ చేసింది. ఫోన్ పెట్టేసి వచ్చి కాత్యాయని, "నేను శుక్రవారం క్యాన్‌బెర్రా వెళ్తున్నాను. మీరు వస్తారా?" అని అడిగింది, ఎదురింటివాణ్ణి అడిగినట్టు.

"అదేం ప్రశ్న కాత్యాయనీ? మనం ఎప్పుడూ కలిసే వెళ్తాం కదా" అన్నాను.

ఆమె పోపుల డబ్బా మూత తీసి, ఒక ఎండుమిరపకాయ ఏరి, నా ముందు పెట్టింది.

"ఒకటి" అంది.